నజర్‌బయేవ్ కట్టిన దేశం, కట్టుకున్న కోట

సోవియట్ యూనియన్‌లోని 15 రిపబ్లిక్‌లలో అందరికంటే ఆఖరున స్వాతంత్ర్యం ప్రకటించుకున్నది కజకిస్థాన్. 1991 డిసెంబరు 16న ఆ ప్రకటన వెలువడేసరికి రష్యా కూడా యూనియన్‌తో తెగతెంపులు చేసుకుని నాలుగు రోజులైంది. అప్పటి కజక్ అధ్యక్షుడు నూర్‌సుల్తాన్ నజర్‌బయేవ్ యూనియన్ నిలబడాలని చివరిదాకా ప్రయత్నించినవారు. కొత్త యూనియన్ ఏర్పడితే ప్రధానమంత్రిగా ఆయన్నే పెట్టాలని గోర్బచేవ్ అనుకున్నారు కూడా. నజర్‌బయేవ్ స్వాతంత్ర్యం కోసం జైలుకెళ్లినవాడు కాదు, ఉద్యమం నడిపినవాడు కాదు. పార్టీ నిచ్చెన మీద ఒక్కో మెట్టూ ఎక్కివచ్చిన ఉక్కు కర్మాగారపు కార్మికుడు. అలాంటి మనిషి ఆ తర్వాత దాదాపు 28 ఏళ్లు ఆ దేశాన్ని పాలించి, చట్టబద్ధంగా ‘ఎల్బాసి’, అంటే జాతి నాయకుడు అనిపించుకున్నారు. 2019లో రాజధానికే ఆయన పేరు పెట్టారు. మరో మూడేళ్లు తిరక్కుండానే జనం ‘ముసలోడా, వెళ్లిపో’ అని అరుస్తూ తల్దికోర్గాన్‌లో ఆయన విగ్రహాన్ని తాళ్లు కట్టి లాగి కూల్చారు.

ఆయన జాతి నిర్మాతా, నియంతా? ఈ ప్రశ్నకు సాధారణంగా వచ్చే జవాబు ‘రెండూ’ అని. అది తప్పు కాదు గానీ, దానితో మనకు తెలిసేది కూడా ఏమీ లేదు. నాకు ఎక్కువ ఉపయోగపడిన ప్రశ్న వేరు: ఆయన ఖాతాలో వేసే ఒక్కో విజయం ఏ సంవత్సరానిది? ఆ సమయంలో ఆయనకు ‘కాదు’ అని చెప్పగలిగినవాళ్లు ఎవరున్నారు? ఇలా విడదీసి చూస్తే చిక్కుముడి చాలావరకు వదులవుతుంది.

చేతికి వచ్చిన దేశం

వైశాల్యంలో ప్రపంచంలో తొమ్మిదో పెద్ద దేశం అది. 1989 జనాభా లెక్కల్లో ఉన్నది మాత్రం కోటీ 65 లక్షల మంది. అందులో కజక్‌లు దాదాపు 40 శాతం, రష్యన్లు దాదాపు 38 శాతం. తమ పేరు మీదున్న రిపబ్లిక్‌లోనే కజక్‌లు సగం కూడా లేరు.

ఈ అంకెల వెనక ఒక ఘోరం ఉంది. 1930ల మొదట్లో సంచార పశుపోషకులైన కజక్‌లను బలవంతంగా సమష్టి క్షేత్రాల్లోకి తోసి, మందలను లాక్కున్నారు. ఆ కరవులో సుమారు 15 లక్షల మంది చనిపోయారని చరిత్రకారుల అంచనా. వారిలో అత్యధికులు కజక్‌లే. జాతి మొత్తంలో మూడో వంతుకు మించి తుడిచిపెట్టుకుపోయింది. లక్షల మంది చైనా వైపు, పొరుగు రిపబ్లిక్‌ల వైపు పారిపోయారు. ఖాళీ అయిన ఆ నేల మీదికే స్తాలిన్ తనకు నమ్మకం లేని జాతులను రైళ్లలో తోలించారు: 1937లో కొరియన్లు, 1941లో వోల్గా జర్మన్లు, 1944లో చెచెన్లు, ఇంగుష్‌లు. కరగండా చుట్టూ శ్రమ శిబిరాలు వెలిశాయి. 1954 నుంచి కృశ్చేవ్ ‘బీడు భూముల’ పథకం కింద రష్యా, ఉక్రెయిన్‌ల నుంచి లక్షల మంది ఉత్తర మైదానాలకు గోధుమ పండించడానికి వచ్చారు. ఉత్తరాన ఊళ్లకు ఊళ్లే రష్యన్ మాట్లాడేవి అయ్యాయి.

1986 డిసెంబరులో మాస్కో, రిపబ్లిక్‌ను ఏళ్ల తరబడి నడిపిన కజక్ నేత దీన్‌ముహమ్మద్ కునాయెవ్‌ను తీసేసి, అక్కడ ఎన్నడూ పనిచేయని గెన్నాదీ కోల్బిన్‌ను కూర్చోబెట్టింది. మర్నాడే అల్మాటీ కూడలిలోకి కజక్ విద్యార్థులు, యువ కార్మికులు వచ్చారు. సైన్యం వాళ్లను అణచివేసింది. ఈ ‘డిసెంబరు’ను నేటి కజక్‌లు స్వాతంత్ర్యానికి తొలి అడుగుగా తలుచుకుంటారు. అప్పటికి నజర్‌బయేవ్ రిపబ్లిక్ మంత్రిమండలి అధ్యక్షుడు. ఆ కూడలిలో నిలబడ్డ పిల్లలు ఒక పక్షం, ఆయన పదవి మరో పక్షం. జాతి నిర్మాణ కథను ఆయన ఒక్కరితో మొదలుపెట్టకూడదని చెప్పడానికి ఈ ఒక్క సంగతి చాలు.

అణ్వాయుధాలు: ఎవరి గెలుపు?

నజర్‌బయేవ్ పేరు చెప్పగానే ప్రపంచం ముందు తలుచుకునేది అణ్వాయుధాలను వదులుకోవడం. అందులో రెండు వేర్వేరు కథలు కలిసిపోయి ఉన్నాయి.

మొదటిది సెమీపలాతిన్స్క్ పరీక్షా క్షేత్రానిది. 1949 ఆగస్టు 29న సోవియట్ తొలి అణుబాంబు పేలింది అక్కడే. 40 ఏళ్లలో 456 పరీక్షలు జరిగాయి. వాటిలో వందకు పైగా భూమి మీద, గాలిలో చేసినవి. చుట్టుపక్కల ఊళ్ల జనానికి ఏం జరుగుతోందో చెప్పలేదు. క్యాన్సర్లు, వైకల్యంతో పుట్టే పిల్లలు ఆ ఇళ్లలో మామూలైపోయారు. 1989 ఫిబ్రవరిలో కవి ఓల్జాస్ సులేమెనోవ్ టీవీ ప్రత్యక్ష ప్రసారంలో కవితలు చదవాల్సి ఉండగా, వాటిని పక్కనపెట్టి పరీక్షలు ఆపాలని ప్రకటన చదివారు. రోజుల వ్యవధిలో ‘నెవాడా-సెమీపలాతిన్స్క్’ ఉద్యమం పుట్టింది. లక్షల సంతకాలు వచ్చాయి. గని కార్మికులు సమ్మె చేస్తామన్నారు. ఆ ఏడాది అక్టోబరు తర్వాత అక్కడ మరో పరీక్ష జరగలేదు. 1991 ఆగస్టు 29న, తొలి పేలుడుకు సరిగ్గా 42 ఏళ్లకు, క్షేత్రాన్ని మూసేస్తూ నజర్‌బయేవ్ సంతకం పెట్టారు. మాస్కోలో గోర్బచేవ్‌ను దించే కుట్ర విఫలమై, కేంద్రం చేతులు వణుకుతున్న వారాలవి. సమయం చూసి సంతకం పెట్టడం ఆయన తెలివి. ఆ సంతకాన్ని సాధ్యం చేసింది మాత్రం వీధుల్లోకి వచ్చిన జనం. ఈ తేడా చెరిపేస్తే సెమీపలాతిన్స్క్ బాధితులకు అన్యాయం చేసినట్టే.

రెండోది క్షిపణుల కథ. యూనియన్ కూలేనాటికి కజక్ నేల మీద 1,400కు పైగా వ్యూహాత్మక అణు వార్‌హెడ్‌లు, 104 ఎస్ఎస్-18 ఖండాంతర క్షిపణులు మిగిలాయి. ప్రపంచంలో నాలుగో పెద్ద అణుభాండారాన్ని స్వచ్ఛందంగా వదులుకున్న దేశం అని తరచూ రాస్తారు. నిజమే, కానీ వాటిని పేల్చే సంకేతాలు మాస్కో దగ్గరే ఉన్నాయి. నిర్వహణ తెలిసిన అధికారులు రష్యా సైన్యం వాళ్లు. ఉంచుకుంటే మిగిలేది ఖర్చు, ప్రపంచంలో వెలి. అయినా నజర్‌బయేవ్ వెంటనే తల ఊపలేదు. 1992 మే వరకూ తేల్చకుండా, అమెరికా, రష్యా, చైనాల నుంచి భద్రత హామీలు అడిగారు. మేలో, అణ్వాయుధాలు వదులుకుంటామనే లిస్బన్ ఒప్పందం మీద సంతకం, 1994 ఫిబ్రవరిలో అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒడంబడికలో చేరిక, డిసెంబరులో బుడాపెస్ట్ హామీ పత్రం. 1995 ఏప్రిల్‌కి చివరి వార్‌హెడ్ రష్యాకు వెళ్లిపోయింది. మధ్యలో, 1994 శరదృతువులో, ఉస్త్-కామెనోగోర్స్క్‌లోని ఉల్బా కర్మాగారంలో పడి ఉన్న దాదాపు 600 కిలోల అత్యంత శుద్ధ యురేనియాన్ని అమెరికా విమానాలు రహస్యంగా తీసుకెళ్లాయి.

బదులుగా ఆయన తెచ్చుకున్నది తక్కువేం కాదు: అమెరికా నిధులు, సరిహద్దుల గుర్తింపు, పెట్టుబడి పెట్టేవాళ్లలో నమ్మకం. కొత్త దేశానికి ప్రపంచం ముందు ఒక ముఖం కావాలి. ఆ ముఖాన్ని ఆయుధాలు పట్టుకుని కాక, వదిలి సంపాదించారు. ఇది ఆయన నూటికి నూరుపాళ్లు సొంతం చేసుకోదగ్గ దౌత్యం అని నా అభిప్రాయం.

ఆ తొలి నెలల్లోనే ఆయన మన దేశానికి వచ్చారు. సోవియట్ కుటుంబపు దేశాలను మినహాయిస్తే, అధ్యక్ష హోదాలో ఆయన తొలి అధికార పర్యటన 1992 ఫిబ్రవరిలో భారత్‌కే. అప్పుడు ఢిల్లీలో ప్రధాని పి.వి.నరసింహారావు. మరుసటి ఏడాది పీవీ అల్మాటీ వెళ్లారు. ఆర్థికంగా కుదేలైన రెండు ప్రభుత్వాలు, తమ పెద్ద దిక్కైన సోవియట్ యూనియన్ కనుమరుగైన రోజుల్లో దారులు వెతుక్కుంటున్నాయి. కజకిస్థాన్ ఇప్పుడు ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ యురేనియం తవ్వే దేశం. మన అణువిద్యుత్ కేంద్రాలకూ అక్కడి నుంచి యురేనియం వచ్చింది.

ఉత్తరాన్ని నిలుపుకోవడం

తొలి పదేళ్లలో నజర్‌బయేవ్‌ను నిద్రపోనివ్వని సమస్య ఉత్తర సరిహద్దు. రష్యాతో కజకిస్థాన్ సరిహద్దు సుమారు 7,600 కిలోమీటర్లు. రెండు దేశాల మధ్య ఎక్కడా తెగకుండా సాగే భూసరిహద్దుల్లో ప్రపంచంలో దీనికి మించినది లేదు. దాని వెంట అటూ ఇటూ రష్యన్ మాట్లాడేవాళ్లే. ఉత్తర కజకిస్థాన్ రష్యాలో కలవాలని సోల్జెనిత్సిన్ వంటి పెద్ద రచయిత 1990లోనే రాశారు. మోల్దోవాలో ట్రాన్స్‌నీస్ట్రియా, జార్జియాలో అబ్ఖాజియా 1992లోనే రక్తసిక్తమయ్యాయి. తజికిస్థాన్ అంతర్యుద్ధంలో మునిగింది. కజకిస్థాన్‌లో అలా జరగలేదు. జరగని సంఘటనకు ఎవరూ విగ్రహం కట్టరు, కాబట్టి ఇది ఎందుకు జరగలేదో కాస్త నిదానంగా చూడాలి.

ఆయన ఒకేసారి రెండు భాషల్లో మాట్లాడారు. కజక్‌లతో: ఇది మీ రాజ్యం, కజక్ రాజ్యభాష, చైనా, మంగోలియాల్లోని మన వాళ్లూ తిరిగి రండి. పది లక్షల మంది దాకా వచ్చారు. రష్యన్లతో: ఇది కజకిస్థానీయులందరి దేశం, రష్యన్‌లోనే ఆఫీసు పని చేసుకోవచ్చు, మీ బడులు ఎక్కడికీ పోవు. ద్వంద్వ పౌరసత్వం ఇమ్మని మాస్కో ఒత్తిడి తెస్తే మాత్రం ఒప్పుకోలేదు. 1995లో అన్ని జాతులకూ చోటిస్తూ ‘ప్రజల అసెంబ్లీ’ పెట్టారు. దానికి అధికారం ఏమీ లేదు, కానీ ఎవరినీ అతిథి అనకుండా ఉండటానికి అది పనికొచ్చింది. మాస్కోను ఊరడించడానికి 1994లో ‘యురేసియా యూనియన్’ ఆలోచన తానే బయటపెట్టారు. కలుస్తామని చెబుతూనే, కలిసేది ఆర్థికంగానే, రాజకీయంగా కాదని ప్రతిసారీ గీత గీశారు.

ఇంకో నిజం కూడా చెప్పాలి. సమస్య తీవ్రత తగ్గడానికి వలసలే పెద్ద కారణం. 1990ల్లో కర్మాగారాలు మూతపడి, జీతాలు నెలల తరబడి ఆగిపోతే జర్మన్లు జర్మనీకి, రష్యన్లు రష్యాకు లక్షల్లో తరలిపోయారు. 1999 లెక్కలకు జనాభా కోటిన్నరకు పడిపోయి, కజక్‌లు మళ్లీ సగానికి మించారు. 2021 నాటికి కజక్‌లు 70 శాతం, రష్యన్లు 15 శాతం చిల్లర. దీన్ని రాజనీతి అనలేం. ఆకలి, భయం, మంచి బతుకు మీద ఆశ కలిసి చేసిన పని.

రాజధానిని కదపడాన్ని ఈ నేపథ్యంలో చూడాలి. అల్మాటీ దేశానికి ఆగ్నేయ మూలన, కిర్గిజ్ సరిహద్దును ఆనుకుని, భూకంపాల నేల మీద ఉంది. ప్రభుత్వం చెప్పిన కారణాలు ఇవే. పైకి చెప్పని కారణం ఉత్తరం. 1994లో పార్లమెంటు చేత తీర్మానం చేయించి, 1997 డిసెంబరులో ఇషిమ్ నది ఒడ్డున ఉన్న అక్మోలాకు ప్రభుత్వాన్ని తరలించారు. చలికాలంలో సున్నాకు 40 డిగ్రీల దిగువకు పడిపోయే ఊరు అది. అధికారులు గొణుక్కుంటూ వెళ్లారు. 1998లో ఆస్తానా అని పేరు మార్చారు. రాజధాని వెంట కజక్ ఉద్యోగులు, వాళ్ల కుటుంబాలు, బడులు, మసీదులు ఉత్తరానికి చేరాయి. ఇప్పుడు అక్కడ పది లక్షలకు పైగా జనం.

తెలుగువాళ్లకు ఈ ఊరు కొంత తెలిసిందే. అమరావతి కట్టాలనుకున్న రోజుల్లో, 2016లో, ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఆస్తానా వెళ్లి చూసి వచ్చారు. ఆస్తానాలో గుడారం ఆకారపు ఖాన్ షాతిర్‌ను, పిరమిడ్‌ను గీసిన నార్మన్ ఫోస్టర్ సంస్థే తర్వాత అమరావతి శాసనసభ, హైకోర్టు భవనాలకు నమూనాలు గీసింది. అయితే రెండింటి అవసరం ఒకటి కాదు. ఆస్తానాలో భవనాలు రెండో మాట. చేజారే భయమున్న నేల మీద రాజ్యం తన బరువంతా మోపి కూర్చోవడం మొదటి మాట. ఆ ఖర్చును చమురు మోసింది. అలాంటి సరిహద్దు భయం గానీ, అలాంటి చమురు గానీ లేనిచోట ఆస్తానాను నమూనాగా తీసుకుంటే మిగిలేది అద్దాల గోడలే.

చమురు, డబ్బు, అప్పగింతలు

1993 ఏప్రిల్‌లో తెంగిజ్ చమురు క్షేత్రం మీద అమెరికన్ కంపెనీ చెవ్రాన్‌తో ఒప్పందం కుదిరింది. అదే ఏడాది రష్యా కొత్త రూబుల్ తెచ్చి, పాత రూబుళ్లు వాడే దేశాలను నట్టేట ముంచింది. ధరలు ఏడాదిలో పది రెట్లకు మించి పెరిగాయి. నవంబరు 15న సొంత కరెన్సీ తెంగే వచ్చింది. నోట్లు బ్రిటన్‌లో రహస్యంగా అచ్చువేయించి తెచ్చారు. 500 రూబుళ్లకు ఒక తెంగే. నజర్‌బయేవ్ పెట్టిన మంచి సంస్థల్లో రెండు ఇక్కడివే. ప్రభుత్వ ఖర్చుతో పిల్లలను విదేశీ విశ్వవిద్యాలయాలకు పంపే ‘బోలాషాక్’ ఉపకారవేతనం 1993లో మొదలైంది. చమురు ఆదాయంలో కొంత దాచిపెట్టే జాతీయ నిధి 2000లో వచ్చింది. చమురున్న ఎన్ని దేశాలు ఈ పాటి ముందుచూపు లేక దెబ్బతిన్నాయో చూస్తే దీని విలువ తెలుస్తుంది.

ప్రైవేటీకరణ కథ మాత్రం వేరు. తెమిర్‌తావ్ ఉక్కు కర్మాగారం, యువకుడిగా నజర్‌బయేవ్ కొలిమి దగ్గర పనిచేసిన చోటు, 1995లో లక్ష్మీ మిత్తల్ సంస్థకు వెళ్లింది. జీతాలు మళ్లీ అందాయి, పట్టణం బతికింది. గనుల్లో చావులు ఆగలేదు. 2023 అక్టోబరులో కోస్తెంకో గనిలో 46 మంది చనిపోయాక కంపెనీ దేశం వదిలి వెళ్లింది. ఇక మిగతా ఆస్తులు చాలావరకు అధ్యక్షుడికి దగ్గరివాళ్ల చేతుల్లోకి చేరాయి. దేశంలోని అతిపెద్ద బ్యాంకు హాలిక్‌లో పెద్ద వాటా ఆయన రెండో కుమార్తె, అల్లుడిది అయింది.

1995 అనే మలుపు

పైన చెప్పిన గట్టి పనుల్లో ఎక్కువ భాగం 1991కి, 1995కి మధ్య జరిగినవో, అప్పుడు నిర్ణయమైనవో. ఆ నాలుగేళ్లలో కజకిస్థాన్‌లో పార్లమెంటు వాదించేది. పత్రికలు ప్రశ్నించేవి. రాజ్యాంగ న్యాయస్థానం ఉండేది. సులేమెనోవ్ లాంటివాళ్లకు సొంత బలం ఉండేది. రష్యన్ సంఘాలు, కజక్ జాతీయవాదులు ఇద్దరూ అధ్యక్షుడిని చెరో వైపు లాగేవారు. ఆయన నడిచిన మధ్యేమార్గం సగం ఆయన స్వభావం, సగం ఈ లాగుడు.

1995 మార్చిలో, అంతకుముందు ఏడాది జరిగిన పార్లమెంటు ఎన్నిక చెల్లదని రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఆ తీర్పును ఆసరాగా చేసుకుని పార్లమెంటు రద్దయింది. ఏప్రిల్ రెఫరెండంతో ఆయన పదవీకాలాన్ని 2000 దాకా పొడిగించారు. ఆగస్టులో మరో రెఫరెండం, అధ్యక్షుడికి అపారమైన అధికారాలిచ్చిన కొత్త రాజ్యాంగం. అందులో రాజ్యాంగ న్యాయస్థానమే లేదు. దాని స్థానంలో ఒక మండలి వచ్చింది. ఏడాది చివరిదాకా దేశం డిక్రీల మీద నడిచింది.

సంస్కరణలు ఆలస్యం కాకూడదని ఇలా చేశామని ఆయన మద్దతుదారులు అంటారు. పన్నులు, బ్యాంకులు, భూమి మీద డిక్రీలు నిజంగానే వేగంగా వచ్చాయి. 1997లో రాజధాని, 2000లో నిధి, 2005లో రష్యాతో సరిహద్దు ఒప్పందం దీని తర్వాతివే, నా వాదనకు ఇవి అడ్డమే. అయినా ఇవి అంతకుముందు మొదలైన ఆలోచనల కొనసాగింపు. కొత్తగా మొదలైనది వేరే ఉంది. మాజీ ప్రధాని కజెగెల్దిన్‌ను 1999 ఎన్నికలో పోటీ చేయనివ్వలేదు. ప్రతిపక్ష నేత అల్తిన్‌బెక్ సార్సెన్‌బాయెవ్ 2006లో హత్యకు గురయ్యారు. 2007లో రాజ్యాంగాన్ని సవరించి ‘తొలి అధ్యక్షుడు’ ఎన్నిసార్లయినా పోటీ చేయవచ్చన్నారు. 2005లో 91 శాతం, 2011లో 95, 2015లో 97 శాతానికి పైగా ఓట్లు. ఒక దేశంలో ఇన్ని రకాల మనుషులు ఉండి, వందలో ఇద్దరు ముగ్గురే కాదన్నారంటే ఆ అంకె ప్రజల మాట కాదు.

దీని మూల్యం ముందు పడమర ఎడారిలో తెలిసింది. జానావొజెన్ చమురు కార్మికులు 2011లో నెలల తరబడి సమ్మె చేశారు. వాళ్ల మాట పైకి తీసుకెళ్లే పార్టీ లేదు, సంఘం లేదు, పత్రిక లేదు. డిసెంబరు 16న, స్వాతంత్ర్యానికి సరిగ్గా 20 ఏళ్లు నిండిన రోజున, పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వ లెక్క ప్రకారమే కనీసం 16 మంది చనిపోయారు. ఆ రోజును మరిచిపోయి నజర్‌బయేవ్ గురించి రాయడం నాకు చేతకాదు.

2019 మార్చిలో ఆయన హఠాత్తుగా రాజీనామా చేశారు. మధ్య ఆసియాలో ఒక నేత తానై దిగిపోవడం పెద్ద విషయమే. కానీ దేశ భద్రతా మండలి అధ్యక్ష పదవిని జీవితాంతం తన దగ్గరే ఉంచుకున్నారు. పెద్ద కుమార్తె దారిగా నజర్‌బయేవా సెనేట్ అధ్యక్షురాలైంది. వారసుడు కాసిమ్-జోమార్ట్ తోకాయెవ్ తొలి పనుల్లో ఒకటి రాజధానికి నూర్-సుల్తాన్ అని పేరు పెట్టడం. ఇల్లు వారసుడికి రాసిచ్చి తాళాలగుత్తి మొలలోనే దోపుకున్నట్టు అయింది. ఆదేశాలు ఎవరివో అధికారులకు తెలియని మూడేళ్లు గడిచాయి.

2022 జనవరి 2న మళ్లీ జానావొజెన్‌లోనే నిప్పు అంటుకుంది. వాహనాలకు వాడే గ్యాస్ ధర రెట్టింపైందని మొదలైన నిరసన మూడు రోజుల్లో దేశమంతా పాకింది. అల్మాటీలో సాయుధ ముఠాలు చొరబడ్డాయి, నగరపాలక భవనం కాలిపోయింది. తోకాయెవ్ తానే భద్రతా మండలి పగ్గాలు తీసుకుని, రష్యా నాయకత్వంలోని సైనిక కూటమిని పిలిచారు. హెచ్చరిక లేకుండా కాల్చమని ఆదేశించారు. అధికారిక లెక్కలో 238 మంది చనిపోయారు. ఆ వారంలో ఎవరు ఎవరి మీద కుట్ర చేశారన్నదాని మీద కథనాలు చాలా ఉన్నాయి. నిరాయుధులుగా వచ్చి చనిపోయినవాళ్ల కుటుంబాలకు మాత్రం పూర్తి జవాబు దొరకలేదు.

తర్వాత కోట త్వరత్వరగా కూలింది. నజర్‌బయేవ్ తమ్ముడి కొడుకు ఒకరు అవినీతి కేసులో జైలుకెళ్లారు. సెప్టెంబరులో రాజధాని మళ్లీ ఆస్తానా అయింది. అధ్యక్షుడికి ఏడేళ్లు, ఒక్కసారే అని రాజ్యాంగంలో రాశారు. 1995లో తీసేసిన రాజ్యాంగ న్యాయస్థానం 2023 ఆరంభంలో తిరిగి పనిలోకి వచ్చింది.

అయితే ఆ గందరగోళంలోనూ ఉత్తరాన ఏ ఊరూ విడిపోతానని లేవలేదు. పుతిన్ 2014లో, నజర్‌బయేవ్‌కు ముందు కజక్‌లకు రాజ్యమే లేదన్న అర్థంలో మాట్లాడినప్పుడు, కజకిస్థాన్ మరుసటి ఏడాదే తమ ఖానేట్‌కు, అంటే పాత ఖాన్‌ల రాజ్యానికి, 550 ఏళ్లని ఉత్సవాలు చేసింది. 2022 ఫిబ్రవరి తర్వాత ఉక్రెయిన్‌లో రష్యా ఆక్రమించిన ప్రాంతాలను తాము గుర్తించబోమని తోకాయెవ్ పుతిన్ పక్కన కూర్చునే చెప్పారు. ఆ మాట చెప్పగల దేశం ఒకటి నిలబడి ఉంది.

2017లో రాజ్యాంగం 91వ అధికరణంలో, ఎన్నటికీ మార్చకూడని అంశాల పట్టికలో, దేశ స్వాతంత్ర్యం, ఏకీకృత రాజ్యం, ప్రాదేశిక సమగ్రతల పక్కనే ఎల్బాసి హోదాను కూడా చేర్చారు. 2022 జూన్ 5 రెఫరెండంలో ఓటర్లు ఆ పట్టికలోంచి ఎల్బాసిని కొట్టేశారు. ఆ మూడూ ఉంచారు.